మరమనిషికి తెలుగు మాట
(పాఠశాల అమృతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్లు నిండిన పాఠశాల పండుగనాడు గతాన్ని స్మరించుకోవడం సంప్రదాయం. ఈ ప్రసంగానికి ఎంచుకున్న విషయం మాత్రం ఆ సంప్రదాయానికి కొంత దూరంగా ఉన్నట్లు తోచవచ్చు. మూరెడు ఎత్తైనా లేని మరమనిషి బొమ్మను కథానాయకుణ్ణి చేసి, పిల్లలే స్వయంగా చిన్న చిన్న చలనచిత్రాలు తీయడం ఆ విషయం. మహారాష్ట్ర గడ్డ మీది తెలుగు మాధ్యమ పాఠశాలకూ, బ్యాటరీలతో నడిచే బొమ్మకూ సంబంధం ఏమిటని పెద్దలు ప్రశ్నించడం సహజం. ఆ సంబంధం పేరు మాట. బొమ్మకు మాట రాదు. మాట ఇవ్వవలసినవారు పిల్లలు. ఈ ప్రసంగ సారాంశమంతా ఇంతే.

ముందుగా ఆ బొమ్మను గూర్చి కొంత చెప్పుకోవాలి. 2004లో రోబోసేపియన్ అనే ఆటబొమ్మ అంగడిలోకి వచ్చింది. దాని ఎత్తు సుమారు 35 సెంటీమీటర్లు. దానిని రూపొందించిన మార్క్ టిల్డెన్ అనే శాస్త్రజ్ఞుడు, మనిషి నడిచేటప్పుడు శరీరభారం ఒక కాలి మీది నుంచి మరొక కాలి మీదికి ఎలా ఒరుగుతుందో గమనించి, ఆ ఊపునే బొమ్మ నడకకు ఆధారం చేసుకున్నాడు. దూరనియంత్రణ పరికరం మీద మీటలు నొక్కితే అది 67 రకాల పనులు చేసేది. నడిచేది, తిరిగేది, చేయి చాచేది, తేలికైన వస్తువును పట్టుకునేది, ఆడేది. అన్నీ చేసే ఆ బొమ్మకు ఒక్క భాష కూడా రాదు. గుర్రుమనడం, ఈల వేయడం, ఆదిమానవుని వలె అర్థంలేని ధ్వనులు చేయడం మాత్రమే దానికి తెలిసిన విద్య. ఇటువంటి బొమ్మలు చేతికి అందిన చోటల్లా, వృత్తిరీత్యా సినిమావారు కాని పిల్లలూ పెద్దలూ ఇంటి కెమెరాలతో వాటిమీద చిట్టి చిత్రాలు తీసి ఆనందించారు. నటుడికి జీతం అక్కరలేదు; విసుగు లేదు; ఒకే సన్నివేశాన్ని పదిసార్లు చేయమన్నా కాదనడు.

మరమనిషికి భాష స్వతఃసిద్ధంగా రాదనడానికి మరొక నిదర్శనం ఉంది. 2013 ఆగస్టు 4న జపాను దేశపు తనెగషిమా కేంద్రం నుంచి కిరోబో అనే చిన్న మరమనిషి అంతరిక్ష కేంద్రానికి బయలుదేరింది. ఎత్తు 34 సెంటీమీటర్లు. బరువు దాదాపు 1 కిలో. అక్కడ అది వ్యోమగామి కోయిచి వకాతాతో సంభాషించి, 2015 ఫిబ్రవరిలో భూమికి తిరిగివచ్చింది. ఆ సంభాషణ జరిగినది జపనీస్ భాషలో. ఎందుకు? నేర్పినవారు ఆ భాషవారు కనుక. యంత్రం ఏ భాష మాట్లాడాలన్నది యంత్రం నిర్ణయించదు. దాని ఎదుట కూర్చుని మాట నేర్పేవారు నిర్ణయిస్తారు.

అసలు 'రోబో' అన్న పదం పుట్టుకే ఈ సభకు ఆసక్తికరమైన సంగతి. అది ప్రయోగశాలలో పుట్టలేదు, నాటకంలో పుట్టింది. చెక్ భాషా రచయిత కారెల్ చాపెక్ 1920లో 'ఆర్.యు.ఆర్.' అనే నాటకాన్ని ప్రచురించాడు. నిర్బంధ శ్రమ, వెట్టి అనే అర్థంగల చెక్ మాట నుంచి ఈ పదాన్ని సూచించినవాడు ఆయన అన్న జోసెఫ్. 1921 జనవరి 25న ప్రాగ్ నగరపు జాతీయ రంగస్థలం మీద ఆ నాటకం ప్రదర్శితమైంది. అయితే అంతకు మూడు వారాలు ముందే, జనవరి 2న, హ్రాడెట్స్ క్రాలోవే అనే పట్టణంలో ఔత్సాహిక నటులు దానిని ఆడివేశారు. అంటే ఆ నాటకంలోని మరమనిషి వేషం తొలిసారి కట్టినవారు ఔత్సాహికులే! ఆ నాటకం వ్రాయబడిన చెక్ భాష మాట్లాడేవారు కోటి మంది మాత్రమే. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. కోటిమంది భాష ప్రపంచానికంతటికీ ఒక మాటను ఇవ్వగా, ఎనిమిది కోట్ల మంది భాష తన పిల్లల ఆటబొమ్మకు నాలుగు మాటలు ఇవ్వలేదా?

ఈ ప్రశ్న వెనుక ఒక వేదన ఉంది. సోలాపురం మగ్గాల వాడలకు, ముంబయి బట్టల మిల్లులకు తెలంగాణ ప్రాంతం నుంచి పద్మశాలి కుటుంబాలు బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చి తరాలు గడిచాయి. వారు తెచ్చుకున్న ఆస్తి చేతిలోని పనితనం, నోటిలోని భాష. నేటి పిల్లలు వీధిలో మరాఠీ, అంగడిలో హిందీ, పోటీ పరీక్షలలో ఇంగ్లీషు అవసరమైన కాలంలో పెరుగుతున్నారు. ఆ భాషలన్నీ వారికి కావలసినవే. వాటిలో దేనినీ తక్కువ చేయరాదు. కాని ఒక మార్పును మాత్రం ప్రతి ఇంటా గమనించవచ్చు. నానమ్మ తెలుగులో అడుగుతుంది, మనుమడికి అర్థమవుతుంది, సమాధానం మరొక భాషలో వస్తుంది. పాఠ్యపుస్తకంలోని తెలుగు పరీక్షలో వ్రాస్తాడు. ఇంటి తెలుగు చెవికే గాని నోటికి రాదు. చెవిలో మిగిలి నోట లేని భాష మరొక తరానికి అందదు. అది ఎవరి దోషమూ కాదు. ఆ భాషతో పిల్లవానికి చేయవలసిన పని లేకపోవడమే కారణం. కనుక పని కల్పించాలి. చిట్టి చలనచిత్రం అటువంటి పని.

బొమ్మ సినిమాలో భాష అంత ముఖ్యమెందుకు అవుతుంది? మనిషి నటుడు కన్ను చెమర్చి, పెదవి బిగించి సగం కథ చెప్పగలడు. మరమనిషి ముఖం ప్లాస్టిక్కు. అది కోపంలోనూ కదలదు, దుఃఖంలోనూ కదలదు. ఈ లోపమే విద్యార్థికి గురువు. 1920 ప్రాంతంలో రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒక ప్రయోగం చేశాడు. ఏ భావమూ లేని ఒక నటుని ముఖాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, మరొకసారి శవపేటిక పక్కన, ఇంకొకసారి మరొక దృశ్యం పక్కన అతికించి చూపాడు. ముఖం ఒక్కటే. కాని చూసినవారు మొదటిదానిలో ఆకలిని, రెండవదానిలో శోకాన్ని దర్శించారు. భావం ముఖంలో లేదు. దృశ్యాల కూర్పులో ఉంది, చూసేవాని మనసులో ఉంది. మరమనిషి కదలని ముఖం ముందు ఏ వస్తువు చూపాలి, ఏ మాట వినిపించాలి, ఎక్కడ మౌనం ఉంచాలి అని ఆలోచించే పిల్లవాడు తెలియకుండానే వాక్యనిర్మాణం నేర్చుకుంటున్నాడు. ఏ పదం పక్కన ఏ పదం ఉంచితే ఏ అర్థం పుడుతుందన్నదే కదా వ్యాకరణమూ, అలంకారమూ!

ఈ విద్య తెలుగువారికి కొత్తది కాదు. తోలుబొమ్మ ముఖమూ మారదు. తెర వెనుక నిలిచినవాడు బొమ్మను ఆడిస్తూ, కాలితో బల్ల తొక్కుతూ, సీతకు ఒక గొంతు, రావణునికి ఒక గొంతు ఇచ్చి, రాత్రంతా ఊరిని కదలనివ్వడు. పద్యాల నడుమ బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు వచ్చి ఆ ఊరి వాడుకభాషలో నవ్వించి పోతారు. ఇక్కడ ఒక విశేషాన్ని మహారాష్ట్రలోని తెలుగువారు తప్పక తెలుసుకోవాలి. ఆంధ్రదేశంలో ఈ కళను కులవిద్యగా నిలిపిన కుటుంబాలలో పలువురి ఇంటి భాష మరాఠీకి చెందిన ఒక మాండలికం. ఇంట మరాఠీ మాట్లాడుకుంటూ, తెర వెనుక తెలుగు రామాయణం వినిపించి, తెలుగు పల్లెల ఆదరం పొందిన కళాకారులు వారు. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట గ్రామం ఈ తోలుబొమ్మలకు ప్రసిద్ధి. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. మరాఠీ ఇంటివారు తెలుగునాట తెలుగును తెరకెక్కించి బ్రతికించారు. తెలుగు ఇంటివారు మరాఠీగడ్డ మీద ఆ పనే చేయడం ఒక విధంగా ఋణం తీర్చుకోవడం. తెరకు బదులు కెమెరా, తోలుబొమ్మకు బదులు మరమనిషి. గొంతు మాత్రం అప్పుడూ ఇప్పుడూ మనిషిదే.

ఇక ఈ పని ఎలా సాగాలో ఒక ఉదాహరణతో చూద్దాం. చిత్రం పేరు 'నాడె' అనుకుందాం. నిడివి మూడు నిమిషాలు. ఒక ఇంటి అటక మీది నుంచి పాత సామాను దించుతూ ఉండగా, రెండు కొసలూ వాడిగా, మధ్య తొర్రగా ఉన్న కొయ్య వస్తువు ఒకటి నేలమీద పడుతుంది. మరమనిషి దానిని చూస్తుంది. అదేమిటో తెలియదు. "ఇది ఏమిటి?" అని చిన్నపిల్లను అడుగుతుంది. ఆ పిల్ల "పడవ" అంటుంది. నీళ్లలో వేస్తే తేలుతుంది కూడా. అన్నయ్యను అడుగుతుంది. "ఏదో పాత సామాను, పారెయ్" అంటాడు. అమ్మకు చూచాయగా తెలుసు గాని పేరు నోటికి రాదు. చివరకు తాతగారి గది. గది ముందు గడప. ఈ బొమ్మలు చదునైన నేలమీద తప్ప నడవలేవు, గడప దాటలేవు. అందుచేత మరమనిషి గడప ఇవతలే నిలిచి పిలవాలి. తాతగారే లేచి రావాలి. వచ్చి, ఆ వస్తువును చేతిలోకి తీసుకుని, అలవాటుగా బొటనవ్రేలు ఆనించి, ఒక్క మాట అంటారు: "నాడె." పడుగు పోగుల మధ్య అటు నుంచి ఇటు పరుగెత్తుతూ పేక నూలును మోసినది అదే. మరమనిషి ఆ మాటను తిరిగి పలుకుతుంది. కథ అయిపోయింది.

కథ చిన్నదే. కాని దానిని తీయడానికి పిల్లలు ఏమేమి చేయవలసి వస్తుందో గమనించండి. నాడెను ఎవరో ఒకరి ఇంట వెదకాలి. పడుగు, పేక, కండె, ఆసు, గుంటమగ్గం అన్న మాటలను పెద్దల నోటినుంచి విని అర్థం వ్రాసుకోవాలి. "పారెయ్" అనాలా, "పారవేయి" అనాలా, తమ ఇంట ఏమంటారు అని తర్కించుకోవాలి. కరీంనగరం నుంచి వచ్చిన కుటుంబం ఒక విధంగా, పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం ఒక విధంగా పలికితే రెండింటినీ గౌరవించాలి. నిఘంటువులో దొరికే పదం వేరు, ఆ పదం వెంట వచ్చే తాతగారి గొంతులోని జీర వేరు. ఆ గొంతు ఆ చిత్రంలో నిలిచిపోతుంది. నేతపని ఎరిగిన తరం వయోభారంతో ఒక్కొక్కరుగా తరలిపోతున్న ఈ కాలంలో ఆ మూడు నిమిషాల ధ్వని విలువ ఎంతో, పదేళ్ల తరువాత ఆ ఇంటివారికే తెలుస్తుంది.

సాంకేతికంగా కొన్ని జాగ్రత్తలు అవసరం. కెమెరాను మనిషి ఎత్తులో గాక మరమనిషి కన్నుల ఎత్తులో, అంటే నేలకు మూరెడులోపు ఉంచాలి. అప్పుడు మంచం కొండలా, గడప గోడలా కనిపించి, బొమ్మ కష్టం ప్రేక్షకునికి అర్థమవుతుంది. దూరనియంత్రణ పరికరం నుంచి వెలువడే కిరణం బొమ్మకు సూటిగా తగలాలి గనుక, మీటలు నొక్కేవారు కెమెరా పక్కనే చాటుగా కూర్చోవాలి. బొమ్మ లోపలి మోటార్లు శబ్దం చేస్తాయి. కాబట్టి దృశ్యాన్ని ముందు చిత్రించి, మాటలను తరువాత నిశ్శబ్దమైన గదిలో వేరుగా పలికి జోడించాలి. ఇది మరొక మేలు చేస్తుంది. పది మంది ముందు నోరు విప్పని బిడ్డ, తలుపు మూసిన గదిలో మరమనిషి గొంతుగా చక్కగా పలకవచ్చు. తప్పు పలికితే నవ్వేవారు లేరు, మళ్ళీ పలకవచ్చు. ఒక్కొక్క దృశ్యం అయిదారు సెకన్లకు మించకపోవడం మంచిది. కథ, సంభాషణ, గొంతు, మీటలు, కెమెరా, కూర్పు అని పని పంచితే తరగతిలో ఏ బిడ్డా ఊరక కూర్చోడు. ఒక చిత్రంలో కెమెరా పట్టినవారు మరొకదానిలో మాట వ్రాయాలి. ఆ నియమం లేకపోతే మాట వచ్చినవారికే మాట దక్కుతుంది.

మరమనిషి బొమ్మ ఖరీదైనది, అందరికీ సాధ్యమా అన్న సందేహం న్యాయమైనదే. ఖరీదైన బొమ్మ అవసరం లేదు. అట్టపెట్టెలతో, అగ్గిపెట్టెలతో, సీసామూతలతో చేసిన మరమనిషి చాలు. దానిని కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కొక్క ఛాయాచిత్రం తీసి, వరుసగా వేగంగా చూపితే అది నడుస్తుంది. సెకనుకు 12 చిత్రాల చొప్పున నిమిషానికి 720 చిత్రాలు కావాలి. ఇది ఓర్పు నేర్పే గణితం. భారతీయ చలనచిత్ర పితామహుడు దాదాసాహెబ్ ఫాల్కే ఈ మహారాష్ట్రలోనే, 1913లో 'రాజా హరిశ్చంద్ర'ను విడుదల చేయడానికి ముందు, కుండీలో బఠాణీ గింజ మొలకెత్తి పెరగడాన్ని రోజుల తరబడి కొద్దికొద్దిగా చిత్రించి ఒక చిన్న చిత్రం చేశాడు. పెట్టుబడి పెట్టేవారికి నమ్మకం కుదిరింది ఆ బఠాణీ మొక్కతోనే. ఇంటిలో, ఒక కుండీతో, ఓర్పుతో మొదలైన పని అది.

కొందరు తల్లిదండ్రులు మరొక ఆక్షేపణ చేయవచ్చు. ఇప్పటికే పిల్లలు ఫోను వదలడం లేదు, బడి కూడా ఫోనే చేతికిస్తే ఎలా అని. ఫోనులో చూడటం వేరు, ఫోనుతో చేయడం వేరు. చూసేవానికి మూడు నిమిషాలు మూడు నిమిషాలే. చేసేవానికి ఆ మూడు నిమిషాలు రెండు మూడు వారాల శ్రమ. ఉపాధ్యాయుల ఎదుట, నిర్ణీత వేళలో, ఒక జట్టుకు ఒకే ఫోను అన్న నియమం ఉండాలి. తీసిన చిత్రాన్ని లోకానికంతటికీ పంచవలసిన అవసరమూ లేదు. పాఠశాల వార్షికోత్సవంలో తెరకట్టి, అందులో మాట్లాడిన తాతగారిని, నానమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టి చూపితే చాలు. ఇతరుల ముఖాలను, ఇళ్లను వారి అనుమతి లేకుండా చిత్రించరాదన్న మర్యాద కూడా పిల్లలు అక్కడే నేర్చుకోవాలి.

చివరగా ఒక హెచ్చరిక. నేడు కథ వ్రాయమంటే వ్రాసే యంత్రాలు, గొంతు ఇమ్మంటే ఇచ్చే యంత్రాలు వచ్చాయి. తెలుగులోనూ అవి వ్రాస్తున్నాయి, పలుకుతున్నాయి. వాటిని చూసి భయపడనక్కరలేదు, వాటి ఉపయోగాన్ని కాదననక్కరలేదు. కాని ఈ ఒక్క పనిలో వాటిని దూరంగా ఉంచడం శ్రేయస్కరం. మరమనిషి తెలుగులో మాట్లాడడం ఇక్కడ లక్ష్యం కాదు. మరమనిషి కోసం బిడ్డ తెలుగులో మాట్లాడడం లక్ష్యం. యంత్రానికి యంత్రమే మాట ఇచ్చినప్పుడు చిత్రం పూర్తి అవుతుంది గాని, తాతగారి గది గడప వద్దకు ఎవరూ వెళ్లరు. నాడె అన్న మాట ఎవరినీ అడగవలసిన అవసరం కలుగదు.

ఉపాధ్యాయులకు ఒక వినతి: మాతృభాషా వాచకంలోని ఒక్క పాఠానికి బదులుగానో, తోడుగానో ఏడాదికి ఒక్క చిత్రం చేయించండి. దాని సంభాషణలను నోటుపుస్తకంలో వ్రాయించి, ఆ వ్రాతకూ మార్కులు ఇవ్వండి. తల్లిదండ్రులకు ఒక వినతి: అటకల మీది పాత వస్తువులను పారవేసే ముందు వాటి పేర్లు పిల్లలకు చెప్పండి. పూర్వవిద్యార్థులకు ఒక వినతి: కెమెరా, కూర్పు, యంత్రవిద్య తెలిసినవారు ఏడాదికి ఒక్క శనివారం ఈ పిల్లల మధ్య కూర్చోండి.

డెబ్బై అయిదేళ్ల క్రితం ఈ పాఠశాలకు పునాది వేసినవారు, పొట్టకూటికి వచ్చిన చోట కూడా బిడ్డల నోట తమ మాట ఉండాలని కోరుకున్నారు. వారు మరమనిషిని ఎరుగరు. నాడెను ఎరుగుదురు. రేపటి బిడ్డలు మరమనిషిని ఎరుగుదురు. ఆ ఇద్దరినీ ఒకే కథలో కూర్చోబెట్టే అవకాశం ఈ తరం చేతిలో ఉంది. ఆ అవకాశం చేజారకుండుగాక.